మస్తు పనులది

ఆర్మూర్‌ల మా గల్లీ నుంచి బస్టాండుకు పొయ్యే తొవ్వల ఒక పసుపు గోదాం ఉండేది. ధర పెరిగేదాక రైతులు అండ్ల సంచులు పెట్టుకునేటోళ్లు. కొన్నేండ్ల కింద ఒకాయన దాన్ని కిరాయకు తీసుకున్నడు. ఆయనది మోర్తాడ్. సౌదీల చానేండ్లు డ్రైవర్ పని చేసి, నడుము నొప్పి పట్టుకొని వాపస్ వచ్చిండు. అక్కడ ఏది తీసుకున్నా రెండు రియాళ్లు అనే దుకాణాలు గల్లీకొకటి ఉంటయంట. గసొంటిదే మన దగ్గర పెడ్దామనుకొని, గోదాంకు సున్నం ఏయించి, ట్యూబులైట్లు పెట్టిచ్చి, బయట మనిషెత్తు అక్షరాలతోని బోర్డు కట్టిండు: 'ఏదైనా ముప్పై'.

సున్నం ఏసినా పసుపు వాసన పోలేదు. దువ్వెన కొన్నా, సబ్బుపెట్టె కొన్నా, ప్లాస్టిక్ గులాబీ కొన్నా అదే వాసన. మా ఎదురింటి వదినె గా దుకాణంల కొన్న సెంటు కొట్టుకొని పెండ్లికి పోతే, ఈమె పెండ్లిపిల్లకు నలుగు పెట్టనీకి వచ్చిందనుకొని చేతిల గిన్నె పెట్టిన్రంట.

మా అత్తమ్మ గా దుకాణానికి పోవుడు షురూ చేసినప్పటి సంగతి ఇది.

మా ఇంట్ల అప్పుడు ఉన్నది మేమిద్దరమే. మామ కాలం చేసిండు. మా ఆయన మస్కట్‌ల ఏసీ మెకానిక్. పిల్లలు నిజామాబాద్‌ల హాస్టల్‌ల ఉండి చదువుతున్నరు. నేను ఒక ప్రైవేటు బడిల లెక్కలు చెప్తున్న. రెండెకరాల పసుపు చేను కౌలుకిచ్చినంక అత్తమ్మకు చేతి నిండ పని లేకుండ పోయింది. జిందగీ మొత్తం మార్కెట్ యార్డుల పసుపు కుప్ప పక్కన నిలబడి వ్యాపారులతోని కొట్లాడిన మనిషి ఆమె. కొమ్మును విరిచి, సప్పుడు విని, ఎంత ఎండిందో చెప్పేది. అయినా ధర మాత్రం ఏనాడూ ఆమె చెప్పింది కాలేదు.

"అమ్మేటప్పుడు ధర వాళ్లది. కొనేటప్పుడన్న మనది కావాలె గద పిల్లా" అనేది.

గసొంటి మనిషికి 'ఏదైనా ముప్పై' అనే బోర్డు ఎట్ల నచ్చుతది? మొదటి రోజే నన్ను తోలుకొని పోయి, ఒక స్టీలు గంటె పట్టుకొని దుకాణమాయన ముందట నిలబడ్డది. అత్తమ్మ పుట్టిల్లు కూడ మోర్తాడే. ఊరి వరుసకు ఆయన ఆమెకు తమ్ముడైతడు. అందుకే పాపం ఆయన ఆమెను ఏమనలేకపోయేటోడు.

"తమ్మీ, గిదెంత?"

"ముప్పై అక్కా. బోర్డు పెట్టిన గద."

"రెండు తీసుకుంటే?"

"అరవై."

"మూడు తీసుకుంటే?"

"తొంభై అక్కా."

"మరి ఎక్కువ తీసుకున్నోళ్లకు ఏం ఫాయిదా?"

"ఎక్కువ గంటెలుంటయ్ అక్కా" అన్నడాయన. ఎకసెక్కంగ అనలేదు, నిజంగనే జవాబు ఎతికి చెప్పిండు.

అత్తమ్మ గంటె పెట్టేసి బయటికొచ్చింది. ఇంటికొచ్చినంక అన్నం తినుకుంట ఏదో ఆలోచన చేసింది. తెల్లారి పొద్దుగాల నాకు చాయ్ ఇచ్చి, తను కనిపెట్టిన ఉపాయం చెప్పింది.

"ధర తగ్గదు. సరే. అన్నిటికి ఒకటే ధర అన్నప్పుడు ఏది బరువుంటే అదే అగ్గువ, అదే మనకు లాభం."

నేను లెక్కల పంతులమ్మను. అండ్ల తప్పు పడదామని చూసిన, దొరకలేదు.

అప్పటి సంది ఆమె ఆ దుకాణంల వస్తువులను చూసుడు బంద్ చేసింది. రెండు చేతులల్ల రెండు పట్టుకొని, కండ్లు మూసుకొని, ఏది కిందికి గుంజుతదో చూసేది. తేలికగున్న చేతిల వస్తువును వాపస్ పెట్టి, ఇంకోటి తీసుకునేది. అట్ల దుకాణమంత తిరిగి ఆఖరికి గెలిచిన వస్తువును కొనుక్కొని వచ్చేది. మా ఇంట్లకు గాజు తాబేలు వచ్చింది. తలుపు పడకుండ అడ్డం పెట్టే ఇనుప కుక్కపిల్ల వచ్చింది. మాకు తలుపులు పడే సమస్యే లేదు, మా తలుపులు సక్కగ మూతనే పడవు. చిన్న రాతి రోలు వచ్చింది, అండ్ల ఒక్క ఎల్లిగడ్డ రెబ్బ పడితే రెండోదానికి జాగ ఉండదు. నేనేమన్న అంటే, "బయట గిది ఎంతుంటది చెప్పు" అని అడిగేది. బయట గసొంటివి ఎవ్వరు అమ్మరు కాబట్టి నేను చెప్పలేకపోయేదాన్ని.

ఒక దినం బడి నుంచి ఇంటికొచ్చేసరికి ఆమె గద్దె మీద కూసొని ఒళ్లె ఒక వస్తువు పెట్టుకొని ఉన్నది. ముఖం ఎలిగిపోతున్నది.

దాని పొడుగు ఒక మూర. నడుమ నీలం రంగు పిడి, దాని మీద మెత్తటి స్పాంజి. ఒక కొసకు బిర్రుగున్న బ్రష్షు. ఇంకో కొసకు అరచెయ్యంత ఎడల్పు ప్లాస్టిక్ పలక, ఆ పలక అంచుకు ఇత్తడి పట్టీ. నిజం ఇత్తడి. అత్తమ్మ అప్పటికే చింతపండు రాసి తోమి చూసింది.

"ఇత్తడే పిల్లా! ముప్పయికి ఇత్తడి!"

"మంచిగుంది అత్తమ్మా. ఇంతకూ ఇదేంది?"

"ఎర్క లేదు."

"దుకాణమాయన ఏమన్నడు?"

"ఆయనకు కూడ ఎర్క లేదు. పట్నం బేగంబజార్ నుంచి తెచ్చిన డబ్బా అడుగుల వచ్చినయంట. ఒక్కటైతే కరాబైతదేమో అని రెండు తెచ్చిన."

ఏం పనికొస్తదో తెల్వని వస్తువు ఎట్ల కరాబైతదని నేను అడగలేదు.

ఆ పూట మా ఆయనకు వీడియో కాల్ చేసినం. అత్తమ్మ దాన్ని ఫోన్ ముందట పెట్టి ఇటు తిప్పి అటు తిప్పి చూపెట్టింది. ఆయన రూముల ఒక మలయాళీ, ఒక బెంగాలీ, మన బాల్కొండ ఆయన ఒకరు ఉంటరు. నలుగురు ఒక్క ఫోన్ల ముఖాలు పెట్టిన్రు. మలయాళీ అది చేపల పొలుసు తీసేదన్నడు. బెంగాలీ ఆయన చేపను గిట్ల గీకితే చేప ఏమైతదని కోపానికొచ్చిండు. బాల్కొండ ఆయన అది గోడలకు పాత రంగు గీకేదన్నడు. మరి బ్రష్షు ఎందుకని మా ఆయన. గీకినంక దులపనీకని ఆయన. చేపను కూడ దులపొచ్చు గద అని మలయాళీ. వాళ్ల కొట్లాట ముదిరి, ఆఖరికి మా ఆయన మాతోని మాట్లాడుడు మర్చిపోయి ఫోన్ పెట్టేసిండు.

అసలు కథ మరుసటి రోజు మొదలైంది. ఎదురింటి వదినె చాయ్‌కు పాలు అడగనీకి వచ్చి ఆ వస్తువును చూసింది.

"గిదేంది చిన్నమ్మా?" అని అత్తమ్మను అడిగింది.

అత్తమ్మకు తెల్వదు అని చెప్పుడు అలవాటు లేదు. "గిదా? మస్తు పనులకొస్తది" అన్నది.

"ఏం పనులకు?"

"ఒక్క పనైతే చెప్తుంటి. మస్తు పనులు."

వదినె ఇంకేం అడగలేదు. అడిగితే తనకు తెల్వదని బయటపడతది. పాలగిన్నె మా ఇంట్లనే పెట్టి అటే దుకాణానికి పోయింది. మాపటికి వాళ్ల ఇంట్ల రెండున్నయ్. వదినె ఆడిబిడ్డ వచ్చి చూసి, "గిదెందుకు?" అంటే వదినె కూడ "మస్తు పనులకు" అన్నదంట. వారం దినాలల్ల మా గల్లీల అది లేని ఇల్లు లేదు. పొదుపు సంఘం మీటింగుకు ఒకామె సంచిల పెట్టుకొని వచ్చింది. దేనికని అడిగే ధైర్యం ఎవ్వరికి లేదు. అడిగినోళ్లు ఎనుకబడ్డోళ్ల లెక్క.

దుకాణమాయన ఇది కనిపెట్టిండు. బేగంబజార్ పోయి ఉన్న డబ్బాలన్ని తెచ్చిండు. ముందట బల్ల మీద వాటిని కట్టెల లెక్క పేర్చి, అట్టముక్క మీద రాసి పెట్టిండు: 'మస్తు పనులది. ముప్పై.' ఇగ అదే దాని పేరు. మనుషులు పోయి, "ఒక మస్తు పనులది ఇయ్యవా" అని అడుగుడు షురూ చేసిన్రు.

విచిత్రం ఏందంటే, నిజంగనే అది మస్తు పనులకొచ్చింది. దోసె పెనానికి అంటుకున్న మాడును ఇత్తడి అంచు పొర లెక్క లేపేది. పసుపు ఉడకబెట్టే కడాయిలను రైతులు దానితోని గీకిన్రు. బర్లను కడగనీకి బ్రష్షు పక్క. మా గల్లీ చివర ఉండే చర్చిల నేల మీద మైనం గడ్డకట్టుకపోతే, పాస్టరమ్మ ఇంకో పక్కతోని తీసేది. బీడీలు చుట్టే ఆడోళ్లు ఒళ్లెకెల్లి ఆకు తునకలు దులుపుకునేటోళ్లు. మా బడి ప్రిన్సిపాల్ సార్ నన్ను ఆఫీసుకు పిలిచి, తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి అడిగిండు.

"మేడం, అది మీ ఇంట్ల ఉందంట గద. బడికి తీసుకుంటే ఎట్లుంటది?"

"దేనికి సార్?"

"అదే... మస్తు పనులకు."

తరగతికొకటి తీసుకున్నరు. ఒక పక్కతోని బోర్డు తుడుస్తున్నరు, ఇంకో పక్కతోని బెంచీల కింద అంటించిన చూయింగ్ గమ్ గీకుతున్నరు. జక్రాన్‌పల్లిల వదినె చెల్లె కొత్త ఇల్లు కట్టుకొని దావతిస్తే, వచ్చిన ఆడోళ్లందరికి జాకెట్ ముక్క, పసుపు కుంకుమ, దాంతోపాటు ఒక మస్తు పనులది పెట్టి సాగదోలిన్రు. ఇంటికి పోయేటప్పుడు బస్సుల ఆడోళ్లందరి సంచులల్ల నుంచి నీలం పిడిలు బయటికి చూస్తున్నయ్. కండక్టర్ చూసి, ఏదన్న ఆఫీసు ముందట ధర్నా ఉందా అని అడిగిండు.

ఇదంత తన వల్లనే అయిందని అత్తమ్మకు జర గర్వం వచ్చింది. గర్వంతోపాటు ఒక బుగులు కూడ. "ఒకవేళ అది ఏదో పాడు పనికి వాడేదైతే ఎట్ల పిల్లా? దవాఖానల గిట్ల?" అని ఒకసారి నన్ను మెల్లగ అడిగింది. నేను ఫోన్ల ఎతికి చూద్దామా అన్న. "వద్దు వద్దు. తెలిస్తే చెప్పాలె. చెప్తే ఎవ్వరు ఏమంటరో" అన్నది. నేను కూడ ఎతకలేదు. నిజం చెప్పాలంటే నాకు కూడ దానితోని దోసె పెనం గీకుడు మస్తు ఇష్టమైపోయింది. అదేందో తెలిస్తే గా సుఖం పోతదేమో అనిపించింది.

ఎండకాలం సెలవులల్ల పిల్లలను మా అమ్మోళ్ల ఇంటికి పంపి, అత్తమ్మను బద్రీనాథ్ తోలుకపోయిన. నిజామాబాద్ నుంచి ఒక యాత్ర గుంపుతోని. ఆమె మొక్కు అది. అత్తమ్మ బట్టల సంచిల శాలువాల నడుమ మస్తు పనులదాన్ని కూడ పెట్టింది. తొవ్వల వంట చేసేటోళ్ల గిన్నెలు ఎట్లుంటయో తెల్వదు గద అన్నది.

ఆర్మూర్‌ల వడదెబ్బ కొట్టే దినాలు. అక్కడ దిగితే పండ్లు కొట్టుకునే చలి. తెల్లారి దర్శనానికని సత్రం నుంచి బయటికొచ్చినం, బట్టల సంచి అత్తమ్మ భుజానికే ఉన్నది. కొండల మీద ఎలుగు ఇప్పుడిప్పుడే పడుతున్నది. సత్రం ముందట జీపులు వరుసగ నిలబడి ఉన్నయ్. వాటి ముందటి అద్దాల మీద రాత్రి కురిసిన మంచు తెల్లగ పేరుకొని ఉన్నది. ఒక డ్రైవర్ చెవులకు మఫ్లర్ కట్టుకొని, పాట పాడుకుంట అద్దాన్ని గీకుతున్నడు.

అత్తమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

నీలం పిడి. మెత్తటి స్పాంజి. ఇత్తడి అంచు. పలకతోని మంచును పెచ్చులు పెచ్చులుగ లేపి, దాన్ని తిప్పి, బ్రష్షుతోని పొడిని దులుపుతున్నడు. ఒక్క చెయ్యి, ఒక్క వస్తువు. ఆ వస్తువుల ఏ భాగం కూడ ఉత్తగ లేదు. గా పని కొరకే అది పుట్టిందని చూడంగనే తెలుస్తున్నది.

నాకు నవ్వు ఆగలేదు. ఆర్మూర్ మొత్తం, జక్రాన్‌పల్లి మొత్తం, బడి, చర్చి, బర్ల కొట్టాలు, అందరి ఇండ్లల్ల కారద్దం మీది మంచు గీకే సామాను ఉన్నది. కార్లు లేనోళ్ల ఇండ్లల్ల కూడ ఉన్నది. మంచు అయితే ఎవ్వరింట్ల లేదు. నేను శాలువా నోట్లె కుక్కుకొని నవ్వుతుంటే అత్తమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె ముఖంల నేను చూసింది జాలి.

"పాపం" అన్నది. "వీళ్లకు దోసెలు తెల్వయి."

వద్దు అత్తమ్మా అంటున్నా ఇనకుండ డ్రైవర్ దగ్గరికి పోయింది. ఆమెకు యార్డుల నేర్చుకున్న హిందీ వస్తది. వాళ్లు మాట్లాడుకున్నది హిందీల, నేను రాస్తున్నది తెలుగుల.

"బిడ్డా, ఏం చేస్తున్నవ్?"

"అద్దం సాఫ్ చేస్తున్న అమ్మా. మంచు పడ్డది."

"గింత మంచి వస్తువును అద్దానికి వాడుతవా?"

ఆయన దాన్ని ఒకసారి చూసుకున్నడు, ఆమెను ఒకసారి చూసిండు. "ఇది అద్దానికే అమ్మా."

"ఎవ్వరు చెప్పిన్రు?"

ఆయన దాన్ని ఆమె ముందట పట్టిండు. చెయ్యి పెట్టుకునే పిడి ఇది, మంచు గీకే అంచు ఇది, పొడి దులిపే బ్రష్షు ఇది అని ఓపికగ చూపెట్టిండు. అత్తమ్మ అంత ఇన్నది. సంచి తెరిచి, శాలువాల నడుమ నుంచి తనదాన్ని బయటికి తీసింది. ఆయన కండ్లు పెద్దగైనయ్. మిగిలిన డ్రైవర్లు కూడ దగ్గరికొచ్చిన్రు.

"అమ్మా, మీ ఊర్ల కూడ మంచు పడుతదా?"

"మా ఊర్ల నిప్పులు పడ్తయ్ బిడ్డా."

"మరి ఇదెందుకు?"

"మస్తు పనులకు" అని అత్తమ్మ షురూ చేసింది. పెనం, కడాయి, బర్రె, బీడీ ఆకు, చర్చి నేల. చేతులతోని చేసి చూపెట్టుకుంట చెప్పింది. జీపు బానెట్ మీద పెనం ఉన్నట్టు గీకి చూపెట్టింది. డ్రైవర్లు చుట్టూ నిలబడి బుద్ధిగ ఇన్నరు. ఒకాయన మా ఇంట్ల కూడ రొట్టె పెనానికి పనికొస్తదా అని నిజంగనే అడిగిండు.

అప్పుడు అత్తమ్మ తనకు అన్నిటికంటె ముఖ్యమైన మాట అడిగింది.

"నువ్వు ఎంతకు తీసుకున్నవ్?"

"రిషికేశ్‌ల మూడువందలు అమ్మా."

ఆమె నోరు తెరిచి అట్లనే నిలబడ్డది. నేను భయపడి భుజం పట్టుకున్న. గింత కొండ మీదికెక్కి, ఇంక దేవుని చూడకముందే, ఆమె ముఖంల అసొంటి ఎలుగు చూసిన. జిందగీ మొత్తం యార్డుల ఓడిపోయిన మనిషి అక్కడ, మంచు నడుమ, గెలిచింది.

"మా ఆర్మూర్‌ల ముప్పయ్యే" అన్నది. గట్టిగ కూడ అనలేదు.

డ్రైవర్లు నమ్మలేదు. నన్ను అడిగిన్రు, నేను నిజమే అన్న. ఇగ అందరు ఆమె చుట్టే. మాకు కూడ పంపు అమ్మా, మాకు కూడ పంపు. మొదటి డ్రైవర్ నా ఫోన్ల తన నంబర్ వేసిండు. దర్శనానికి ఆలస్యమైందని మా గుంపు పెద్దమనిషి వచ్చి తిట్టేదాక ఆమె అక్కడి నుంచి కదలలేదు. గుడిల దేవుని ముందట చేతులు జోడించి చానాసేపు నిలబడ్డది. ఏం మొక్కుకున్నవని అడిగితే, "దుకాణంల సరుకు అయిపోవద్దని" అన్నది.

ఆర్మూర్‌ల దిగిన రోజే, సంచులు ఇంట్ల పడేసి దుకాణానికి పోయింది. నేను ఎనుక ఉరికిన. ఒక డబ్బా నిండ కావాలె తమ్మీ అన్నది. డబ్బా నిండ అనంగనే దుకాణమాయనకు అనుమానం వచ్చింది. ఎందుకక్కా అంటే, ఉన్నదున్నట్టు చెప్తే ఎట్ల అని ఆమె మాట మార్చింది. రేపు రమ్మన్నడు.

తెల్లారి పోయి చూస్తే బోర్డు మీద 'ఏదైనా ముప్పై' పక్కన, కింది కొసకు, చెయ్యందే ఎత్తుల, మిరియపు గింజంత అక్షరాలతోని 'నుంచి' అని కొత్తగ రాసి ఉన్నది. రంగు ఇంక ఆరలేదు.

"యాభై అక్కా" అన్నడు లోపల.

"బోర్డు మీద ఏమున్నది?"

"ముప్పై నుంచి అని ఉన్నది."

అత్తమ్మ బయటికి పోయి, బోర్డు చూసి, కొంగుతోని ఆ 'నుంచి'ని రుద్ది, వాపస్ వచ్చింది. కొంగు ఎర్రగైంది. "నుంచి లేదు" అన్నది.

"అక్కా, అది నా బోర్డు!"

"నేను నీకు అక్కను."

దుకాణంల ఉన్న నలుగురు ఆడోళ్లు సామాన్లు పట్టుకొని చూస్తున్నరు. ఆయన కూడ ఈసారి తగ్గలేదు. నడుము పట్టుకొని స్టూలు మీది నుంచి లేచి నిలబడ్డడు. అప్పుడు అత్తమ్మ ఆయనను సైగ చేసి, ప్లాస్టిక్ బకెట్ల ఎనుకకు పిలిచి, చెవుల ఒక మాట చెప్పింది. అదేందో, దేనికో, బద్రీనాథ్‌ల తను చూసిందంత. నేను దూరం నుంచి ఆయన ముఖమే చూస్తున్న. రంగు మారుకుంట పోయింది.

"మంచా?" అన్నడు.

"మంచే. మరి అందరికి చెప్పాల్నా?"

ఆయన చుట్టూ చూసిండు. గోడ పొంటి పైకప్పు దాక మస్తు పనులది డబ్బాలు పేర్చి ఉన్నయ్. ఇగ ఒక డబ్బా భుజం మీద ఎత్తుకొని, నడుము నొప్పితోనే, మా ఇంటిదాక మోసుకొచ్చి పెట్టిండు. ముప్పై లెక్కనే తీసుకున్నడు. పోయేటప్పుడు గడప కాడ ఆగి, "అక్కా, నేను మా ఇంట్ల దానితోని వీపు గోక్కుంటున్న" అన్నడు. "గోక్కో తమ్మీ, ఏం కాదు" అన్నది అత్తమ్మ.

రహస్యం దాగలేదు. మాతోని యాత్రకు వచ్చిన గుంపుల మన గల్లీ ముసలాయన ఒకరు ఉండె, ఆయన చెప్పేసిండు. ఇగ అత్తమ్మ పరువు పోయింది, గల్లీల తలెత్తుకోలేం అని నేను పరేషాన్ అయిన. ఏం కాలేదు. ఎదురింటి వదినె వచ్చి, "మంచు కూడ తీస్తదంట గద చిన్నమ్మా!" అని, అటే దుకాణానికి పోయి ఇంకో రెండు కొనుక్కున్నది. ఇన్ని పనులకొచ్చేదానికి ఇంకో పని ఎక్కువైందని అందరు సంతోషపడ్డరు. ఆ ఏడు వడగండ్ల వాన పడ్డప్పుడు, వాన ఆగినంక మా గల్లీ ఆడోళ్లంత వాకిట్లకొచ్చి, మస్తు పనులదానితోని వడగండ్లు గీకిన్రు. గీకకున్నా అవి కరిగిపోతయి. అయినా గీకిన్రు, మస్తు కుషీగ.

డబ్బా పార్సిల్ ఆఫీసు నుంచి పోయింది. అది ముట్టినంక ఆ డ్రైవర్ వీడియో కాల్ చేసిండు. డ్రైవర్లందరు వరుసగ నిలబడి ఒక్కొక్కరు తమదాన్ని ఎత్తి చూపెట్టిన్రు. అందరి దగ్గర పైసలు జమ చేసి పంపిండు, దాంతోపాటు ఒక సంచి వాళ్ల కొండల రాజ్మా. అత్తమ్మ దాన్ని చింతపులుసు పోసి, ఎల్లిగడ్డ పోపు పెట్టి వండింది. ఎట్లుందని ఎవరన్న అడిగితే, మంచిగనే ఉండె అని మాత్రం నేను అంట.

అప్పటి సంది ఆ డ్రైవర్ పండుగకో పబ్బానికో ఫోన్ చేస్తడు. బిడ్డ పుడితే ఫొటో పంపిండు. అత్తమ్మ కూడ ఊరికె చేస్తుంటది, వాళ్ల దగ్గర చలి ఎంతుందో అడుగుతది. పోయిన వానకాలం అటు దిక్కు కొండ చరియలు విరిగి రోడ్డు మీద పడ్డయని టీవీల చూపెట్టిన్రు. అత్తమ్మ ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. మళ్ల చేసింది, ఎత్తలేదు. పొద్దంత గద్దె మీద ఫోన్ పట్టుకొని కూసున్నది. నేను అన్నం పెడితే ముట్టలేదు. మాపటికి ఆయనే చేసిండు, సిగ్నల్ లేకుండె అమ్మా, కింద ఊర్లనే ఆగిపోయినం, మంచిగున్నం అన్నడు. అత్తమ్మ ఆయనకు హిందీ సగం, తెలుగు సగం కలిపి గింత తిట్టు తిట్టింది. ఫోన్ నా చేతికిచ్చి, కొంగుతోని ముఖం తుడుచుకొని, పప్పు ఎచ్చజెయ్యమన్నది.